పప్పు ఉడికే నీళ్ళు

“అమ్మా, గ్లాసుడు నీళ్ళు.”

గేటైనా పెట్టని ప్లాటు ముందు సైకిలు ఆపి అడిగాడు ముసలాయన.

ప్రమీలమ్మ క్యాను వంచి గ్లాసు నింపి ఇచ్చింది. ఆయన ఒక గుక్క నోట్లో పోసుకుని, కాసేపు అట్లాగే ఉంచుకుని, మింగాడు.

“కొనుక్కున్న నీళ్ళు” అన్నాడు జాలిగా.

ఆమెకు నవ్వొచ్చింది. ఆత్మకూరు చివర వేసిన ఈ కాలనీలో ఆయన నీళ్ళడగని ఇల్లు లేదట. అందరూ నీళ్ళ తాత అంటారు.

ప్రమీలమ్మ, ఆమె మొగుడు ఆదినారాయణ మర్రిపాడులో మెట్ట పొలం అమ్మి ఈ ప్లాటు కొన్నారు. నెలనెలా పెరిగే రేట్లు చూసి ఆదినారాయణ తొందరపడ్డాడు. ఆమె అడిగింది ఒక్కటే.

“పప్పు ఉడికే నీళ్ళుండాల. అవి లేని ఇంట్లో నేనుండలేను.”

ఉదయగిరి పక్కన పుట్టింట్లో, తల్లి పొయ్యి మీద పప్పు పెట్టి ఆమెకు జడ వేసేది. జడ పూర్తయ్యేసరికి పప్పు వెన్నలా ఉడికిపోయేది. ఆ తల్లీ లేదు, ఆ పొయ్యీ లేదు. ఆ నీళ్ళ రుచి మాత్రం నాలుక మీదే ఉండిపోయింది.

అవతల ఈశాన్యం మూల బోరు బండి దడదడలాడుతోంది. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ రావడం లేదు.

ముసలాయన అటు చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఆడ పడవమ్మా. ఈ మూల తవ్వించండి. పూడిపోయిన బావి ఉండాది. కొబ్బరినీళ్ళ మాదిరి ఉంటాయి.”

బోరు బండి దగ్గరున్న ఆదినారాయణ ఆ మాట విన్నాడు.

“ఆగ్నేయంలో బావా? కొంప మునగను! ఆడ వంటిల్లు కడతా ఉంటే! అయినా బావి ఉండాదని నీకెట్లా తెలుసు?”

ముసలాయన తన అరచేతుల వంక చూసుకున్నాడు.

“తెలుసయ్యా.”

“పూడ్చిన బావి మీద ప్లాటంటే సగం రేటుక్కూడా ఎవురూ కొనరు. ఈ మాట పుట్టించమని ఏ బ్రోకరు పంపినాడు నిన్ను?”

ముసలాయన గ్లాసు కింద పెట్టేశాడు. సగం నీళ్ళు అందులోనే ఉన్నాయి.

“ఎప్పుడన్నా తీయాలనుకుంటే కబురు పెట్టండమ్మా. చెరువుకట్ట కింద పోలేరయ్య అంటే చెప్తారు.”

ఆయన్ని వెనక్కి పిలవాలనిపించింది ప్రమీలమ్మకు. మొగుడి మొహం చూసి ఊరుకుంది.

మూడోసారి వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి, ఉప్పు కషాయం. ఇల్లు లేచింది, గృహప్రవేశం అయింది. కుక్కరు పన్నెండు కూతలు కూసినా కందిపప్పు గింజకు గింజ విడిగానే ఉండేది.

“అమ్మేసి వేరే చోట చూసుకుందాం లే” అన్నాడు ఆదినారాయణ, ఏడాది తిరిగేసరికి.

తన చేతుల్తో ముగ్గేసిన గడప. ప్రమీలమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ఆ వానాకాలం నాలుగు రోజులు ముసురు పట్టింది. వంటింటి నడుమ నాలుగు టైల్సు జానెడు దిగిపోయాయి.

మేస్త్రి నరసింహ వచ్చి టైల్సు లేపి, పిడికెడు తీసి చూశాడు.

“ఇది మట్టి కాదమ్మా, ఏటి ఇసక! కింద బావి ఉండాది. మన పిల్లర్లు ఒడ్డు దాటి పడినాయి కాబట్టి సరిపోయింది.”

“తీయగలవా?”

“బావి పూడ్చేటోళ్ళు రాళ్ళూ రప్పలూ వేస్తారు. అట్టయితే ఎవురి తరమూ కాదు. ఇదెవురో పనిగట్టుకుని మంచి ఇసకే పోసినారు. తోడితే వచ్చేస్తాది.”

వారం రోజులు తోడారు. రాతి వరసలు ఒక్కటీ చెదరలేదు. అడుగున నీళ్ళు మెరిశాయి.

వరండాలో పొయ్యి పెట్టి, ఆ నీళ్ళే ఎసరు పెట్టి పప్పు పోసి, ప్రమీలమ్మ జడ వేసుకోవడానికి కూర్చుంది. జడ సగంలో ఉండగానే పప్పు ఉడికిన వాసన వచ్చింది. ఆమె దువ్వెన పట్టుకుని అట్లాగే ఏడ్చింది.

“మరి ఆగ్నేయంలో నీళ్ళు...” అని గొణిగాడు ఆదినారాయణ, రెండోసారి పప్పు వడ్డించుకుంటూ.

“తినేటప్పుడు వాస్తు ఎందుకు? గమ్మున తిను.”

సాయంత్రం ఒక చెంబు నీళ్ళు, ఒక గిన్నె పప్పు పట్టుకుని చెరువుకట్ట కిందికి వెళ్ళింది. ఆ రోజు సగంలో ఆగిన గ్లాసు ఈ రోజు నింపాలని ఆమె ఆశ.

గుడిసె ముందు చేపల వల బాగుచేసుకుంటున్న ముసలామె తలెత్తింది. పోలేరయ్య భార్య వెంగమ్మ.

“ఆయన పోయి రెండు నెల్లాయెనమ్మా.”

ప్రమీలమ్మ చెంబు ఆమె చేతిలో పెట్టింది. వెంగమ్మ ఒక గుక్క తాగి, కళ్ళు మూసుకుంది.

“ఆ బావి నీళ్ళే. ఆయనా వాళ్ళ నాయనా తవ్విన బావి. అప్పటికి ఆయనకు మీసాలైనా రాలేదు.”

“ఆయన మాట వినకుండా ఎంత పాపం చేసినాము అవ్వా! పూడ్చినోడు ఎవురో గాని ఆయనా పుణ్యాత్ముడే. రాళ్ళెయ్యకుండా ఇసక పోసినాడు.”

వెంగమ్మ చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

“లేఅవుటోళ్ళు రాళ్ళే తోలినారమ్మా, వాటిని పక్కకి లాగేసి, పెన్నలో నించి బండ్ల మీద ఇసక తెచ్చి, రెండు దినాల కూలిపని పది దినాలు ఏడ్చుకుంటా చేసినాడు మా ఆయన.”