ఖాళీ తొట్టికి కాపలా

ఒక కోళ్ల షెడ్డులో గోగి అనే బక్క పెట్ట ఉండేది. గుడ్ల కోసం పెంచే పడుచు పెట్టలకు కడుపునిండా మేత పెట్టరు. కొవ్వు పడితే గుడ్లు తగ్గిపోతాయి. అందుకని పొద్దున్నే ఒక్కసారి, కొలిచి, పొడవాటి తొట్టిలో పోసేవారు. పెళ్లిలో మొదటి బంతికే గారెలు అయిపోయినట్టు, గోగి చేరేసరికి అడుగున పొడి మిగిలేది. గారెల మాట అలా ఉంచి, తొట్టి దగ్గర దిమ్మి అనే లావుపాటి పెట్ట కాపలా కాసేది.

"ఏమే పుల్లకాళ్లదానా, మళ్లీ వచ్చావా?" అని పొడిచేది.

మూడు వారాల్లో తూకం. బరువు చాలనివాటిని సంతకు పంపేస్తారు. గోగికి అదే బెంగ.

ఒకనాడు యజమానురాలు రత్తాలు మందను చూసి, "సగం గుమ్మడికాయలు, సగం పొట్లకాయలు! ఇదేం పెంపకం?" అనుకుంది. ఆ రోజు నుంచి మేతను తొట్టిలో పోయకుండా నేలమీద పరిచిన ఊకలో అంతటా చల్లింది. గోగి తన కాళ్ల దగ్గరే తలెత్తకుండా ఏరుకుంది. దిమ్మి మాత్రం ఖాళీ తొట్టిని వదల్లేదు.

"ఎవరూ రాకండర్రా, ఇది నా చోటు!"

ఎవరూ రాలేదు. కడుపు కుదుటపడ్డాక గోగికి జాలేసింది.

"అక్కా, కిందికి చూడవే. నీ కాళ్ల దగ్గరా ఉంది."

"నువ్వా నాకు చెప్పేది!" అంటూనే దిమ్మి మెల్లగా తల వంచింది.

తూకం రోజున గోగి త్రాసు ఎక్కగానే ముల్లు చాలినంత బరువు గీత దాటింది. వెనక వరసలోంచి దిమ్మి అరిచింది:

"చాల్లేవే పుల్లకాళ్లదానా, ఇక దిగు. నా వంతు!"