వార్మ్ స్మైల్

"బ్లాంక్ లుక్," అంది కోడలు.

అత్తగారు ఏమీ అర్థం కానట్టు గోడకేసి చూసింది. ఆవిడ కొత్తగా చేరిన స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో రేపు పరీక్ష. టీచరు మాట చెబితే, ఆ ముఖం పెట్టి చూపించాలి.

"బాగుంది. ఇప్పుడు లాంగ్ ఫేస్."

అత్తగారు రెండు చేతులతో గడ్డం కిందికి లాగింది.

"సాగదీయడం కాదత్తయ్యా, దిగాలుగా ఉండాలి. పోనీ, డర్టీ లుక్. అంటే కొరకొరా చూడటం."

ఎంత ప్రయత్నించినా అత్తగారికి ఆ చూపు కుదరలేదు. మధ్యలో నవ్వొచ్చేస్తోంది.

కోడలు ఇక ఆగలేకపోయింది. "రోజూ పొద్దున్నే నేను గదిలోంచి రాగానే కళ్లు చిట్లించి చూస్తారే, అదే."

"అదా? వచ్చేది నువ్వో అబ్బాయో తెలీక చూస్తానమ్మా. దూరంనుంచి ఎవరైనా నాకు మసకే."

పెళ్లయిన నాటినుంచీ ఆ చూపుకు బదులుగా కోడలు మూతి మూడు వంకరలు తిప్పుతోంది.

"నన్ను చూడగానే నవ్వుతావుగా, మూతి కదులుతుంది. అప్పుడు నువ్వేనని పోల్చుకుంటాను. మావాడు పొద్దున్నే నవ్వి ఎరగడు. ఆ నవ్వునేమంటారు ఇంగ్లీషులో?"

"వార్మ్ స్మైల్," అంది కోడలు నేలచూపులు చూస్తూ.

"పరీక్ష కాగానే కళ్లజోడు చేయించుకుంటాను. నీ నవ్వు సరిగ్గా చూడొద్దూ?"

అత్తగారు మళ్లీ డర్టీ లుక్ సాధనలో పడింది. కోడలు స్నానాలగదిలోకి వెళ్లి, తలుపు గడియపెట్టి, అద్దం ముందు నవ్వడం మొదలుపెట్టింది.