ఇంటిపేరుకు చీటీ

“చీటీలు తీసి తేల్చుకుంటారంట సుధక్కా,” అన్నాడు డ్రైవర్ నబీ రసూల్, పాల డబ్బాలు వంటింటి గట్టు మీద సర్దుతూ.

సుధారాణి చేతుల్లో ఆడపిల్ల ఉంది. మగపిల్లాడు ఉయ్యాలలో నిద్రపోతున్నాడు. ఆమె ఆయాగా చూసుకుంటున్న చైనా దంపతుల నలభై రోజుల కవలలు.

“దేనికి చీటీలు?”

“ఇంటిపేరుకి. సార్ వాళ్ల నాయనకు ఒకే కొడుకు, మేడం వాళ్ల నాయనకు ఒకే కూతురు. చైనాలో ఇప్పుడు ఇట్ల గూడా చేస్తుండారంట. ఒక బిడ్డ నాయన వంశంలోకి, ఇంకో బిడ్డ అమ్మ వంశంలోకి. పెండ్లప్పుడే అనుకున్నారంట. ఏ బిడ్డ ఎవరికనేదే తేల్లేదు. సార్ వాళ్ల ఇంట్లో మూడు తరాలుగా ఒక్క ఆడపిల్లా లేదంట. ఇంగ సార్ వాళ్ల నాయన, వూ తాత, తగ్గుతాడా?”

ఆ మాటతో సుధారాణికి అంతా అర్థమైపోయింది. రాజోలు ఆస్పత్రిలో తన చిన్నకూతురు చిన్ని పుట్టిన రోజు, రెండోసారీ ఆడపిల్లేనని తెలిసి మామగారు గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయాడు. చిన్నికిప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన ఇప్పటికీ దాన్ని పేరు పెట్టి పిలవడు.

తాతలిద్దరూ దుబాయ్ వచ్చి వారమైంది. రోజూ హాల్లో వాదనే. వాళ్ల భాష రాకపోయినా, వేళ్లు ఎటు చూపిస్తున్నారో కనబడుతూనే ఉంది. వూ తాత వేలైనా, మేడం తండ్రి లిన్ తాత వేలైనా ఎప్పుడూ ఆడపిల్ల వైపే. మగపిల్లాడి ఊసే లేదు. వాడి గురించి గొడవెందుకుంటుందిలే అనుకుంది సుధారాణి.

“ఇద్దరూ ఒకరిని మించి ఒకరు మొండివాళ్లు సుధా,” అంది మేడం అలసటగా. “రేపు పాస్‌పోర్టు కాగితాలివ్వాలి. ఇవాళ్టితో ఖలాస్.”

రెండు కాగితాల మీద బాబు అని ఒకటి, పాప అని ఒకటి రాసి, మడిచి, టీ కప్పులో వేసింది. తాతలు చేతులు కడుక్కొచ్చారు. వూ తాత ముందు తీశాడు. విప్పి చూసి, మళ్లీ అదే మడతలో మడిచి, బాల్కనీలోకి వెళ్లిపోయాడు. లిన్ తాత రెండో చీటీ తీయనైనా లేదు. కూతురి చేతులు పట్టుకుని నవ్వేశాడు.

సుధారాణికి ఒళ్లు మండింది. సొంత మామగారి దగ్గర తొమ్మిదేళ్లుగా చేయలేని పని ఇప్పుడు చేసింది. పాపను బాల్కనీలోకి తీసుకెళ్లి, అడక్కుండానే ఆ ముసలాయన చేతుల్లో పెట్టేసింది.

“దాని మొహం చూడండి తాతగారూ,” అంది తెలుగులోనే.

ఆయన చూశాడు. చాలాసేపు చూశాడు. గుండెకు హత్తుకుని, ఏవో రెండు మాటలు గొణిగాడు. కన్నీళ్లు పాప దుప్పటి మీద పడ్డాయి. సుధారాణి మనసు తేలికపడింది.

మేడం బాల్కనీ తలుపు దగ్గరికొచ్చి ఆగింది.

“దిగులు పడకండి మేడం,” అంది సుధారాణి మెల్లగా. “తాతగారు పాప తన వంతుకొచ్చిందని కష్టపెట్టుకున్నారు గానీ, చూడండి, అప్పుడే ఎలా ఎత్తుకున్నారో. రేపటికి అలవాటైపోద్దండి.”

మేడం ఆమె వైపు వింతగా చూసింది.

“మామగారికి వచ్చింది బాబు, సుధా.”