ఊరంతా పొద్దుతిరుగుడు

రైతు గునపం ఎడ్ల జతను లారీ ఎక్కించడానికి నలుగురు మనుషులు కావలసివచ్చింది. మొదటిది ఎలాగో ఎక్కింది. రెండోది ముందుకాళ్లు పలక మీద పెట్టి, అక్కడే మొండికేసి నిలబడిపోయింది. చివరికి గునపమే వెళ్లి దాని మెడ నిమిరి, చెవిలో ఏదో చెప్పి ఎక్కించాడు. లారీ మలుపు తిరిగేదాకా అటు చూడలేదు.

మాట గుచ్చినట్టుంటుందని ఊళ్లో అతన్ని గునపం అంటారు. ఆ రోజు మాత్రం గొంతు మెత్తగా ఉంది.

“నీ కూతురు చెప్పిందని కాదు బావా. నువ్వు వేశావని పొద్దుతిరుగుడు వేశాను” అన్నాడు.

పక్కనే నిలబడ్డ ఆ కూతురి తండ్రి, కింద పడ్డ పలుపుతాడు తీసి చుట్టసాగాడు.

కూతురు ఆ ఊరికే వ్యవసాయ సహాయకురాలు. నాలుగేళ్లుగా తాత్కాలిక ఉద్యోగం. ఏ ఏటికా ఏడు ఉంచుతారో తీసేస్తారో తెలియదు. పోయిన వేసవిలో ఆమె ఎండనక ఇల్లిల్లూ తిరిగింది. జొన్న మానేసి పొద్దుతిరుగుడు వేస్తే విత్తనాలు ప్రభుత్వమే ఇస్తుందనీ, పంటంతా ప్రభుత్వమే కొంటుందనీ, కొనుగోలు కేంద్రం ఊళ్లోనే పెడతారనీ చెప్పింది. అందరూ తలలూపారు గానీ ఒక్కరూ కదల్లేదు. జొన్న అంటే ఇంటికి గింజ, పశువుకు చొప్ప. పొద్దుతిరుగుడు కాడకు పశువు మూతి కూడా పెట్టదు.

అప్పుడు తండ్రే రంగంలోకి దిగాడు. నా పిల్ల నోట ఇంతవరకు ఒక్క అబద్ధం వినలేదు, ముందు నేను వేస్తాను, నన్ను చూసి మీరు వేయండి అని అందరికీ మాటిచ్చాడు. ఆ సాయంత్రం కూతురు అతని పక్కన కూర్చుని, ఇంటి వెనక అరెకరం మాత్రం జొన్నకు ఉంచమంది, పశువులకైనా పనికొస్తుందని. తండ్రి మందలించాడు. ఊరికి ఒకటి చెప్పి మనం ఒకటి చేస్తే రేపు తలెత్తుకుని తిరగగలమా అన్నాడు. ఆమె లేచి లోపలికి వెళ్లిపోయింది. అతను మూడెకరాలూ పొద్దుతిరుగుడే వేశాడు. వారం తిరక్కుండా ఊరంతా వేసింది.

పూతకొచ్చేసరికి చుట్టూ పసుపు ఆరబోసినట్టుంది. పెద్ద అధికారులు జీపుల్లో వచ్చి, చేల మధ్య నిలబడి ఫొటోలు దిగి వెళ్లారు. మరుసటి నెలలో కూతురి ఉద్యోగం పర్మినెంటు అయింది. తండ్రి ఆ కబురు గడపగడపకూ మోసుకెళ్లాడు. గునపం పెద్దగా నవ్వి, “మా చేల మీదుగా నడిచి కుర్చీ ఎక్కింది నీ కూతురు” అన్నాడు. అందరూ నవ్వారు. తండ్రి ఇంకాస్త ఎక్కువ నవ్వాడు.

చిలకల్ని తోలడానికి పళ్లేలు మోగించి మోగించి చేతులు పడిపోయాయి. పంట ఇళ్లకు చేరింది. కొనుగోలు కేంద్రం మాత్రం రాలేదు. వచ్చే వారం, వచ్చే వారం అంటూ కూతురు రెండు నెలలు గడిపింది. ఒక వ్యాపారి వచ్చి చూసి, దగ్గర్లో నూనె మిల్లే లేదు, ఇంత దూరం మోసుకెళ్తే లారీ కిరాయికి కూడా రాదని వెళ్లిపోయాడు. ముసురు పట్టింది. బస్తాల్లోంచి బూజు వాసన మొదలైంది. పాత చొప్ప వాములు అడుగంటాయి. పశువులు ఒక్కొక్కటే ఊరు దాటాయి. ఆ రోజు గునపం వంతు.

ఇంటికొచ్చి తండ్రి, రేపు ఆఫీసుకు వెళ్లి తేల్చుకుంటానన్నాడు. కూతురు చెయ్యి పట్టుకుంది.

“వెళ్లకు నాన్నా. నా ఉద్యోగం పోతుంది.”

ఏడుస్తోంది. పిల్లని ఎంత భయపెట్టి ఉంచారో అనుకున్నాడు తండ్రి. ఆ మనుషుల మీద కోపం రెట్టింపయింది. పొద్దున్నే, చొప్ప దొరుకుతుందేమో చూసొస్తానని చెప్పి బస్సెక్కాడు.

ఆఫీసులో అధికారిణి కొత్తగా వచ్చింది. కుర్చీ చూపించి, మంచినీళ్లు తెప్పించి, అతను చెప్పిందంతా అడ్డు రాకుండా విన్నది. తర్వాత బీరువాలోంచి ఒక ఫైలు తీసింది.

“విత్తనాల పథకం వేరు పెద్దాయనా, కొనుగోలు వేరు. విత్తనాలిచ్చారు. కొనుగోలు ఆపేశారు.”

“ఎప్పుడు ఆపేశారమ్మా?”

“మీరు విత్తకముందే.”

ఆమె చూపించిన ఉత్తర్వును తండ్రి వేలితో వెంబడిస్తూ చదివాడు. ఈ ఏడు కొనుగోలు లేదనీ, ఈ సంగతి విత్తే ముందే ప్రతి రైతుకూ చెప్పాలనీ స్పష్టంగా ఉంది. అతని వేలు అక్కడే ఆగిపోయింది.

“అంటే మీకందరికీ తెలుసన్నమాట” అన్నాడు. “తెలిసీ నా పిల్లని ఊరి మీదికి తోలారు. అది పిచ్చిది, మీ మాట నమ్మింది. ఇవాళ నా ఊళ్లో నా పిల్ల తలొంచుకుని తిరుగుతోంది. దానికొక్క ముక్క చెబితే మీ సొమ్మేం పోయేదమ్మా?”

అధికారిణి ఏ ఊరని అడిగింది. అమ్మాయి పేరు అడిగింది. చెప్పాడు. ఆమె ఫైలు మరోసారి చూసి, ఉత్తర్వు కాగితాన్ని మెల్లగా వెనక్కి తిప్పి, అతని ముందుకు జరిపింది. అందుకుని చదివాను అని రాసి ఉంది. కింద విత్తడానికి పదిరోజుల ముందు తేదీ.

పక్కనే కూతురి సంతకం.