ఉడత నల్లి

“మంచంలో నల్లులకు ఇక్కడ మందివ్వరని చెప్పి పంపించు,” అంది ఆమె, మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండా.

“చెప్పానమ్మా. ఈయనది మట్టి నల్లట,” అన్నాడు అటెండరు.

వెనకే ఒక ముసలాయన వచ్చి, తడిమట్టి ఉన్న డబ్బా బల్ల మీద పెట్టాడు.

“మీ అమ్మగారు పేరు పెట్టిన నల్లికి మగది దొరికిందండీ.”

ఆమెకు చిర్రెత్తుకొచ్చింది. అమ్మకు దొరికినవన్నీ ఆడవే. మగదాని కోసం వాన అడవుల మట్టినంతా జల్లెడ పట్టింది. ఇప్పుడు చూపు పోయి ఇంట్లో కూర్చున్నా, కూతురి అడుగుల చప్పుడు వింటే చాలు, “దొరికిందా?” అంటుంది.

డబ్బాలోని నల్లిని చూసి ఆమె పెదవి విరిచింది.

“ఇది ఉడత నల్లండీ. వేరే జాతి. అవతలి అడవుల్లో ఉంటుంది. ఎవరో పెద్దమనిషి ఎప్పుడో పుస్తకాలకెక్కించాడు.”

“ఆయన పొరబడ్డాడమ్మా. ఆడది మట్టి లోపల ఉంటుంది, మగది పైన ఎండుటాకుల్లో తిరుగుతుంది. అమ్మగారు కింద వెతికారు, ఆయన పైన వెతికాడు.”

“నల్లికి ఉడత అని పేరేమిటండీ, విడ్డూరం కాకపోతే!”

ముసలాయన నవ్వేశాడు.

“అడుగు మట్టిలో ఆడది కూడా ఉంది, గుడ్లు పెట్టనిచ్చి చూడండి. రెండూ ఒకటేనని తేలితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, అమ్మగారిది. ఉడతను కొట్టేయండి.”

గుమ్మం దగ్గర ఆగాడు.

“అమ్మగారు ఎలా ఉన్నారు?”

“ఉంది,” అంది ఆమె, పనిలో పడిపోయి.

ఆయన ఇంకాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ఆయన మాటే నిజమైంది. ఒకే తల్లి గుడ్లలోంచి రెండు రకాలూ వచ్చాయి. పటం మీద విడివిడిగా ఉన్న రెండు అడవులూ ఒకే జాతివయ్యాయి. ఉడత పేరు ఆమే కొట్టేసి, సంతోషం పట్టలేక డబ్బా మీద ఆయన రాసిపెట్టిన నంబరుకు ఫోన్ చేసింది.

“మామయ్య పోయారండీ,” అంది అవతలి గొంతు. “తను పెట్టిన పేరు కొట్టేశారా అని ఆఖరిదాకా అడిగారు.”

ఆమె కొట్టేసిన పేరు వైపు చూస్తూ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం అమ్మ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“దొరికిందమ్మా. నీ పేరే ఖాయం. ఉడతను కొట్టేశాం.”

అమ్మ ముఖం వాడిపోయింది. మగదాని గురించి ఒక్క మాటా అడగలేదు.

“ఎవరు కొట్టేయమన్నారే?”

“ఆ పేరు పెట్టినాయనే. ఆఫీసుకు వచ్చాడు.”

 అమ్మ చూపులేని కళ్లు గుమ్మం వైపు తిప్పింది.

“నన్ను ఉడతా అని పిలిచిన ఒకే ఒక్క మనిషిని, ఇంటిదాకా తీసుకురాలేకపోయావా?”