జనరేటర్ చూపులు

"ఇంటికి తెచ్చి నడిపి చూపించు నాయనా. బొమ్మ చూసి జనరేటర్ కొంటారా ఎవరైనా?" అంది అత్తగారు, షాపాయన చేతిలోని రంగురంగుల కాగితాన్ని పక్కకు నెట్టేస్తూ.

పక్కన కోడలు ముళ్ళమీద ఉన్నట్టుంది. ఇంటి వెనకగదిలో, పొదిగే పెట్టెలో మూడొందల కోడిగుడ్లున్నాయి. ఇరవై ఒక్క రోజులు వెచ్చగా ఉండాలి, ఇవాళ్టికి పద్దెనిమిది. పిల్లయ్యాక కుంపటి వేడైనా చాలు, గుడ్డుకు మాత్రం గంట తప్పినా గండమే. తెల్లవారేసరికి వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలి కూర్చుంది. బాగుచేయడానికి వారం పడుతుందన్నారు. కిందటిసారి కరెంటు పోయి గుడ్లన్నీ మురిగాయి. ఈసారీ పోతే పెట్టె అమ్మేయాల్సిందేనని ఇంట్లో తేల్చేశారు. దానికి దుప్పట్లు కప్పి అత్తగారితో పరుగున షాపుకొచ్చింది కోడలు.

లావుపాటి షాపాయన అరగంటలో జనరేటర్ తెచ్చి దింపించాడు. అత్తగారు దాన్ని పెరటి చివర పెట్టించింది.

"కిటికీ పక్కన పెడితే మనకు మనమే పొగ పెట్టుకున్నట్టు!"

ఫ్యాను, ఫ్రిజ్, పెట్టె అన్నీ నడిచాయి.

"తీసేసుకుందాం అత్తయ్యా," అంది కోడలు.

"ఆగమ్మా. మొదటి గంట అందరూ బుద్ధిమంతులే. రేపటిదాకా నడవనీ. డీజిల్ నేనే పోయిస్తా."

బేరం పక్క షాపుకు పోతుందన్న భయంతో లావుపాటాయన సరేనన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చాడు.

"మరీ మోత నాయనా. మొగుడూ పెళ్ళాలు పోట్లాడుకున్నా ఒకరి మాట ఒకరికి వినబడదు."

"మంచిదే కదమ్మా!"

"వినబడనప్పుడు పోట్లాడటం దేనికి?"

ఆయన ఇంకో మాట అనేలోగా గేటు ముందు పక్క షాపు కళ్ళజోడాయన జనరేటర్ బండి ఆగింది. అత్తగారు నిన్ననే కబురు పెట్టిందట. పది నిమిషాల్లో వైర్లు దీన్నుంచి దానికి మారాయి.

ఆ జనరేటర్‌కూ ఒక పగలూ ఒక రాత్రీ గడువిచ్చి, వంక చెప్పింది.

"ఫ్రిజ్ మొదలైనప్పుడల్లా లైటు మినుకుమంటోంది. ఈ వయసులో నాకు కన్నుకొట్టే లైటెందుకయ్యా?"

కోడలికి కడుపు మండింది.

"ఇవేమన్నా పెళ్ళిచూపులా అత్తయ్యా? ఏదో ఒకటి ఖాయం చెయ్యండి. వీళ్ళందరూ విసుక్కుని వెళ్ళిపోతే నా నోట్లో మట్టే!"

"నువ్వు పెట్టె మీద వేడి ముల్లు చూసుకో. జనరేటర్ల సంగతి నాకొదిలెయ్."

మూడోది ఇంకో షాపులోని నవ్వుముఖం ఆయనది. మోత లేదు, మినుకు లేదు. పగలంతా నడిచింది, రాత్రంతా నడిచింది. మర్నాడు పొద్దున ఆయన వచ్చేసరికి అత్తగారు జనరేటర్ చుట్టూ ఒక చుట్టు తిరిగింది. ఒంగి చూసింది, చెవి పెట్టి వింది, చెయ్యి వేసి చూసింది.

"దీనికి వంక పెడితే కళ్ళు పోతాయి," అంది.

కోడలు గుండెలమీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుంది.

నవ్వుముఖం ఆయన మొహం చాటంత చేసుకుని జేబులోంచి రసీదు పుస్తకం తీశాడు. "అయితే ఖాయం చేసేయమంటారా అమ్మా?"

అత్తగారు వెనకగదిలోకి తొంగిచూసి, చెంగుతో మొహం తుడుచుకుంటూ తాపీగా వచ్చింది.

"ఇంకా జనరేటర్ దేనికి నాయనా, గుడ్లన్నీ పిల్లలయ్యాయిగా!"