పదహారో పాట

"ఏదీ నా పాట?"

గాయని రికార్డు అట్ట నమూనా తెచ్చి మేనేజరు టేబుల్ మీద విసిరికొట్టింది. కాఫీ కప్పు తొణికి ఆయన టై మీద పడింది. పడాల్సిందే. పాతికేళ్ల పాటల్లోంచి ఏరి కూర్చిన హిట్ల సంకలనం, రేపు పొద్దున రికార్డు అచ్చుకి వెళ్లిపోతుంది, ఇవాళ మధ్యాహ్నం దాకా ఆవిడకి జాబితా చూపించలేదు మరి.

"పదిహేను హిట్లున్నాయి కదా మేడమ్," అన్నాడాయన, చేతిరుమాలుతో టై అద్దుకుంటూ.

"నేను జాబితాలో పదహారు రాసిచ్చాను. మొట్టమొదటిది ఏదీ? నేనూ మా అక్కా మోటారు షెడ్డులో గొంతు చించుకుని చేసిన పాట! పేపర్లవాళ్లు నన్ను పంక్ పాటల పిశాచం అని రాసింది ఆ పాట విని కాదూ? అదే లేకపోతే ఇవాళ నేనెక్కడున్నాను, మీరెక్కడున్నారు?"

"అదీ... రికార్డింగు బాగాలేదు మేడమ్. ఒక్క మైకు మీద చేసింది. అంతా గరగర."

గోడవారగా రికార్డింగు మిషన్ ముందు వయసు మళ్లిన సౌండ్ ఇంజనీరు కూర్చుని ఉన్నాడు. అప్పట్లో ఆ షెడ్డుకి ఆ ఒక్క మైకూ మోసుకొచ్చింది ఆయనే. ఊరంతా ఆవిణ్ణి మేడమ్ అంటున్నా ఆయనొక్కడూ అమ్మాయ్ అనే పిలుస్తాడు.

"పెద్దాయనా, నిజమేనా? బాగుచెయ్యడం నీవల్ల కాలేదా?"

ఆయన మిషన్ వైపు తిరిగి మీట నొక్కాడు.

గది అదిరిపోయింది. ముందు డ్రమ్ములు. అక్క చేతులవి, ఎవరిమీదో పగ తీర్చుకుంటున్నాయి. వాటి మీద ఓ పంతొమ్మిదేళ్ల పిల్ల కేక. కాలేజీలోంచి గెంటేసినవాళ్లనీ, పనిలోంచి తీసేసినవాళ్లనీ, ఆడపిల్లలకి డ్రమ్ములెందుకన్నవాళ్లనీ వరసపెట్టి కడిగేస్తున్న కేక. గరగర లేదు, గుసగుస లేదు. పెద్దాయన రోజుల తరబడి కూర్చుని శుభ్రం చేసినట్టున్నాడు.

పాట ఆగేసరికి ఆవిడ నోట్లో 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఇదా బాగాలేనిది? నా చెవిలో పువ్వులేమన్నా కనిపిస్తున్నాయా నీకు?"

మేనేజరు సాకు మార్చాడు. "అందులో రెండు బూతులున్నాయి మేడమ్. రేడియోవాళ్లు వెయ్యరు."

"రేడియోవాళ్లకి మిగతా పదిహేనూ ఉన్నాయిగా! వెన్నెల, వాన, నువ్వు, నేను! వేసుకోమను, పొద్దస్తమానం అవే వేసుకోమను. ఎవరొద్దన్నారు?"

"ఇప్పుడు మీ పాటలు కొనేది చంటిపిల్లల తల్లులు మేడమ్. కంపెనీ ఏమనుకుంటోందంటే..."

ఛ! అబద్ధానికైనా ఓ అందం ఉండాలి. పోనీ మూడింట్లో ఒక్కటైనా అతికేటట్టు చెప్పాడా అంటే, అదీ లేదు.

"కంపెనీ!" ఆవిడ అట్టని ఆయన ముఖం మీదికి తోసింది. దాని మీద లేత గులాబీ గౌనులో, మెడ ఓ పక్కకి వాల్చి ఆవిడే నవ్వుతోంది. "జుట్టు పెంచమన్నారు, పెంచాను. అరవొద్దు, హాయిగా పాడమన్నారు, పాడాను. మా అక్క డ్రమ్ములు మరీ మోటుగా ఉన్నాయి, వేరేవాళ్లని పెడదామన్నారు..." అట్టని బోర్లా తిప్పి టేబుల్ మీద పడేసింది. మళ్లీ అందుకుంది. "నోరు మూసుకుని ఊరుకున్నాను! ఆ రోజు నుంచీ అక్క నాతో మాట్లాడదు. ఇరవయ్యేళ్లు! ఈ రికార్డు చేత్తో పట్టుకుని దాని గుమ్మం ఎక్కుదామనుకున్నాను. చూడవే, నీ పాటే ముందుంది అని చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లమంటావ్?"

మేనేజరు ముఖం కాస్త మెత్తబడింది. "వదిలెయ్యండి మేడమ్. మీ మంచికే చెబుతున్నాను."

"నా మంచి నీకెందుకయ్యా!"

టేబుల్ మీద ఆవిడ సంతకం కోసం పెట్టిన ఒప్పందం కాగితం ఉంది. తీసింది, పర్రుమని రెండు ముక్కలు చేసింది. చాలలేదు, నాలుగు చేసింది.

"పదహారో పాట ఉంటేనే సంకలనం. లేదా, మొత్తం లేదు. కోర్టుకీడుస్తారా, ఈడ్చండి. చచ్చినా సంతకం పెట్టను."

"అమ్మాయ్, కూర్చో," అన్నాడు పెద్దాయన, అప్పటికి నోరు విప్పి. మేనేజరు వైపు తిరిగాడు. "ఎంతసేపని తిట్లు తింటావయ్యా? చూపించెయ్."

"ఏమిటి చూపించేది? ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

మేనేజరు ఆవిడ ముఖం చూడలేక చిరిగిన కాగితాల వైపు చూశాడు.

"కంపెనీ ఎప్పుడూ వద్దనలేదు మేడమ్. ఆ పాటనే మొదట పెట్టాం. కానీ ఏ పాటనైనా సంకలనంలోకి తీసుకోవాలంటే దాన్ని రాసినవాళ్ల సంతకం కావాలి. రాసింది మీ అక్కగారు కదా. ఉత్తరం రాస్తే బాగుండదని నేనే వెళ్లాను. అట్ట మీద మీ బొమ్మ చూపించాను, పత్రం ఇచ్చాను." సొరుగు లాగి ఓ మడత కాగితం తీశాడు. "ఇది మీ కంటపడకూడదనే ఇన్ని అబద్ధాలాడాను."

ఆవిడ లాక్కుంది. సంతకం చెయ్యాల్సిన చోటు ఖాళీగా ఉంది. దాని కింద, నీలం సిరాతో, కాగితం చిరిగేంత ఒత్తి రాసిన అక్క అక్షరాలు.

"ఆ పాట పాడింది మా చెల్లెలు. ఈవిడెవరో నాకు తెలియదు."